ఎవరి ప్రణాళిక వారికే

వ్యక్తిగత అభ్యసన ప్రణాళిక అంటే ప్రభుత్వ బడిలోని ప్రతి విద్యార్థికీ స్థాయి, వేగం, అభిరుచి చూసి విడిగా తయారుచేసే బోధన పథకం. దీనికి కావలసినవి మూడు: నమూనా పత్రం, యాప్, గడువు తేదీ. ఉపాధ్యాయుడు కూడా ఉంటే మంచిదే గాని, తప్పనిసరి కాదు.

ఆలోచన కొత్తదేమీ కాదు. ప్రతి విద్యార్థి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడం టీచరు విధి అని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఏనాడో చెప్పింది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలని అదే చట్టం షెడ్యూలు చెప్పింది. మొదటి మాటను కంఠతా పట్టిన యంత్రాంగానికి రెండోది మాత్రం నోటికి రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఏకోపాధ్యాయ పాఠశాలలు వేలల్లో ఉన్నాయి. అక్కడ 20 మంది పిల్లలున్నా తెలుగు, ఇంగ్లిషు, లెక్కలకు కలిపి 60 ప్రణాళికలు. అవి రాసేది అయిదు తరగతులకు పాఠాలు చెబుతూ, మధ్యాహ్న భోజనపు గుడ్ల లెక్క చూస్తూ, హాజరు యాప్‌తో కుస్తీ పట్టే ఆ ఒక్కరే.

పని ఒక క్రమంలో సాగుతుంది. బడి తెరిచాక బేస్‌లైన్ పరీక్ష పెడతారు. ఎవరు అక్షరాల దగ్గర ఆగారు, ఎవరు పేరా చదవగలరు, తీసివేతలో పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం ఎవరికి తెలుసు అన్నది తేలుతుంది. ఇంతవరకు నిజంగా పనికొచ్చే సంగతే. కష్టం ఆ తర్వాత నమూనా పత్రంలోని గడులతో మొదలవుతుంది. ‘బలాలు’ అన్నచోట ‘చురుకైన విద్యార్థి’ అనీ, ‘లోపాలు’ అన్నచోట ‘ధారాళంగా చదవలేకపోవడం’ అనీ, ‘చేపట్టే చర్యలు’ అన్నచోట ‘ప్రత్యేక శ్రద్ధ’ అనీ రాస్తారు. ఈ చివరి మాటకు సాటి లేదు. ఏ పిల్లకైనా నప్పుతుంది, ఎన్నేళ్లయినా చెల్లుతుంది, ఏ అధికారీ తప్పు పట్టడు. గడువు దగ్గరపడ్డాక ఎవరో పుణ్యాత్ములు నింపిన నమూనా ఒకటి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. దాంతో పక్క ఊరి పిల్లవాడి అభిరుచులన్నీ ఈ ఊరి పిల్లవాడికి సంక్రమిస్తాయి.

కాగితం కన్నా ఖరీదైన దారి ట్యాబ్. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. మొత్తం అయిదు లక్షలకు పైమాటే. వాటిలోని పాఠాలు బైజూస్ కంపెనీవి. ఎవరి వేగం వారిదే, పాఠం మాత్రం అందరిదీ ఒకటే. ఆ కంపెనీ వేగం ఎంతో 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైనప్పుడు తెలిసింది.

స్థాయిని బట్టి బోధించడం పనిచేయదని కాదు. ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ రూపొందించిన ఈ పద్ధతిని హరియాణాలో అమలుచేసినప్పుడు రోజుకో గంట దానికే కేటాయించి, పిల్లలను తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి కూర్చోబెట్టారు, చదవడం మెరుగుపడింది. బిహార్‌లో టీచర్లకు శిక్షణ, సామగ్రి మాత్రమే ఇచ్చి ఊరుకున్న చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. నోబెల్ పొందిన ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి కొలిచి చెప్పిన ఈ సంగతిలో మన శాఖలు చప్పున అందిపుచ్చుకున్నది శిక్షణ, సామగ్రి.

విడి ప్రణాళిక నిజంగా తప్పనిసరి అయిన పిల్లలూ ఉన్నారు: వినికిడి, చూపు, బుద్ధిమాంద్య సమస్యలున్నవారు. వారి కోసం రెండు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాలున్నాయి. అక్కడి రిసోర్స్ టీచర్లలో ఎక్కువ మంది సమగ్ర శిక్ష పథకం కింద పనిచేసే ఒప్పంద ఉద్యోగులు. 2024 డిసెంబరులో తెలంగాణ సమగ్ర శిక్ష ఒప్పంద ఉద్యోగులు తమను క్రమబద్ధీకరించాలని సమ్మెకు దిగితే, అదే పథకం కింద నడుస్తూ ఖాళీ అయిన కస్తూర్బా బాలికా విద్యాలయాలకు సర్కారీ బడుల నుంచి టీచర్లను సర్దారు. ఆ టీచర్లు వెళ్లాక వారి బడుల్లోని ప్రణాళికలను ఎవరు అమలు చేయాలన్న గడి మాత్రం ఏ నమూనా పత్రంలోనూ లేదు.