చూడమన్నోడే టికెట్ కొనాలె

మా వేములపల్లిలో వడ్లు ఏ మిల్లుకు పోశావు, ఎంత పడ్డది అని అడిగితే మనిషి అటూ ఇటూ చూసి మాట మారుస్తాడు. ఏ సినిమా చూడాలో, ఏ పుస్తకం చదవాలో మాత్రం అడగకుండానే చెబుతాడు. బస్సు కోసం నిలబడ్డవాణ్ణి కూడా వదలడు. నల్లగొండ బస్సు వచ్చేలోపు రెండు వెబ్ సిరీస్‌లు, ఒక మలయాళం సినిమా నెత్తిన పెట్టి మరీ పంపిస్తాడు.

అందరిలోకీ మా బావది అందె వేసిన చెయ్యి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. పగలంతా బస్తాల లెక్క, రాత్రంతా సినిమాలు. తను చూసి ఊరుకుంటే ఏ గొడవా లేదు. పొద్దున్నే ఫోను.

"బావా, రాత్రి చెప్పిన గదా, చూసినవా?"

"లేదు బావా, పొలంకాడ నీళ్లు పెట్టేసరికి..."

"ఇంకా చూడలే?"

ఆ 'ఇంకా'ను ఆయన ఎంత సాగదీస్తాడో రాసి చూపించడం కష్టం. దగ్గరి చుట్టం చావుకు పోనివాణ్ణి పలకరించే గొంతు అది. ఆ బాధ పడలేక ఒకసారి చూశాననే చెప్పాను. ఆయన లెక్కల మనిషి, రశీదు లేనిది నమ్మడు.

"ఆఖర్ల ఎట్లుంది?"

"మస్తుంది బావా."

"నీకు ఏడుపొచ్చిందా?"

మా బావ మెచ్చే సినిమాల్లో ఎవరో ఒకరు పోవడం ఆనవాయితీ కాబట్టి, ధైర్యంగా, "ఆగలేదనుకో" అన్నాను.

"కామెడీ సినిమాకు ఏడుపెందుకొచ్చింది బావా?"

ఈ జబ్బు ఎందుకు ముదిరిందో నాకో సిద్ధాంతం ఉంది. ఫలానాది బాగుంది, చూడు అని చెప్పడానికి ఇప్పుడు పైసా ఖర్చు లేదు. వేలు తాకిస్తే లింకు నలభై మందికి పోతుంది. పంపినవాడు అది పూర్తిగా చూశాడన్న భరోసా కూడా లేదు. పూర్వం అట్లా కాదు. నచ్చినది పదిమందికీ నచ్చాలనుకునేవాడు జేబులో చెయ్యి పెట్టాల్సి వచ్చేది.

రేడియో సంగతే తీసుకోండి. 1952 తర్వాత ఆకాశవాణి సినిమా పాటల్ని దూరం పెట్టింది. శాఖ మంత్రి కేస్కర్ గారికి అవి గిట్టేవి కావు. జనం మంత్రిగారితో వాదన పెట్టుకోలేదు, ముల్లు తిప్పి రేడియో సిలోన్‌కు పోయారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టి వాళ్లను మెల్లగా వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ వరసలోనే మనకు జనరంజని దక్కింది. మీరు కోరిన పాట వేస్తారు, మీ పేరు, మీ ఊరు చదువుతారు.

దానికి అప్పట్లో కావలసిందల్లా 15 పైసల కార్డు. మా కుర్రాళ్లు ఆ కార్డును వాడిన తీరు చూస్తే తపాలా శాఖవారికి కళ్లు తిరిగేవి. పైన సినిమా పేరు, పాట. కింద "కోరినవారు" అని గీత గీసి, ఇక పేర్లు. నిలువుగా చోటు అయిపోతే అడ్డంగా, అడ్డం అయిపోతే అంచుల వెంట. చిరునామా గడిలోకి కూడా ఇద్దరు బావమరుదులు జొరబడేవారు. కార్డు కొన్నవాడి పేరు ముందుండాలి, అది ధర్మం. రెండో పేరు ఎవరిదన్నదాని మీద కాలువ గట్టున పంచాయతీ. కొందరు ఎదురింటి అమ్మాయి పేరు కూడా చేర్చేవారు. ఆ పేరు రేడియోలో వచ్చిన సాయంత్రం వాళ్ల నాయిన కట్టె పట్టుకుని ఊరంతా తిరిగేవాడు.

తీరా పాట వచ్చిందనుకోండి, "వేములపల్లి నుంచి" అని వినపడగానే ఊరు ఊరంతా చెవులు రిక్కించేది. తర్వాత వచ్చే పేర్లలో ఒక్కటీ మావాళ్లది కాదు! ఆంధ్ర వైపు కూడా వేములపల్లులు ఉన్నాయి మరి. మా కార్డు తాలూకు కీర్తి వాళ్లు కొట్టేశారని మావాళ్లు, ఎవరు ముందు రాశారో తేల్చమని ఇంకో కార్డు. ఇంతా చేసి జార్ఖండ్‌లోని ఝుమ్రీ తలైయా ముందు మేం ఎందుకూ కొరగాం. ఆ చిన్న ఊరు సిలోన్‌కూ వివిధభారతికీ కార్డులు గుప్పించి గుప్పించి, పాటలు కోరడమే పేరుగా దేశమంతటా తెలిసిపోయింది. మైకా గనుల ఊరని ఎంతమందికి గుర్తుంది?

అద్దె పుస్తకాల కొట్ల కాలంలోనూ అంతే. 'తులసిదళం' చదివి తీరాలన్నవాడు, తన ఖాతా మీద తెచ్చిన ప్రతినే మీ చేతిలో పెట్టేవాడు. రోజు దాటితే అద్దె వాడిదే. అందుకే రాత్రి పదకొండుకు కిటికీలోంచి తొంగిచూసి "ఏ పేజీల ఉన్నవ్?" అని అడిగేవాడు. వాడికి ఆ హక్కు ఉంది, కట్టిందీ వాడే కాబట్టి. డిటెక్టివ్ నవలల్లో ఆఖరి పేజీలు ఎవరో చింపుకుపోయేవారు. అప్పుడు హంతకుడెవరో కూడా సిఫారసు చేసినవాడే వచ్చి చెప్పిపోవాలి.

ఈ లెక్కన చూస్తే మా జిల్లాకు ఒక మహానుభావుడు ఉన్నాడు. వట్టికోట ఆళ్వారుస్వామి. నకిరేకల్ పక్క మనిషి, 1915లో పుట్టాడు. ఒక పంతులుగారింట్లో వంట చేశాడు, హోటల్లో పనిచేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన నిజాం రోజుల్లో పుస్తకాల మూట మోసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మాడు. "ఇది చదవండి" అనే ముందు ఆ మనిషి దాన్ని అచ్చు వేయించాడు, మోశాడు, వాకిట్లో నిలబడ్డాడు. అటువంటివాడు చదవమంటే కాదనడానికి నోరెట్లా వస్తుంది? నాకు పొద్దున్నే ఫోనులో వచ్చి పడే లింకులకు ఆ బరువు లేదు.

ఇక సిఫారసులు చేసే యంత్రం సంగతి. 2006లో నెట్‌ఫ్లిక్స్ ఒక పందెం పెట్టింది. జనానికి ఏ సినిమా నచ్చుతుందో తమ యంత్రం వేసే అంచనాను 10 శాతం మెరుగుపరచినవారికి 10 లక్షల డాలర్లు. 2009లో ఒక జట్టు గెలిచి డబ్బు పట్టుకుపోయింది. ఆ గెలిచిన లెక్క మొత్తాన్ని వాడుకోవడానికి పడే పాటుకు వచ్చే లాభం చాలదని కంపెనీ దాన్ని పూర్తిగా వాడనే లేదు. మా కటింగ్ షాపులో అయితే, గడ్డానికి సబ్బు రాసే లోపల "అన్నా, అది నీకు ఎక్కదు, వదిలెయ్" అని తేల్చేస్తారు. డాలర్లు అడగరు. అయినా యంత్రాన్ని నేను తిట్టను. దానిలో ఒక్క సుగుణం ఉంది. పొద్దున్నే ఫోను చేసి "ఇంకా చూడలే?" అనదు.

ఇవన్నీ ఆలోచించి టీ హోటల్లో ఒక చట్టం ప్రకటించాను. చూడమన్నోడే టికెట్ కొనాలె. ఓటీటీ అయితే నెల చందా వాడిదే. పుస్తకమైతే కొనివ్వాలి, మళ్లీ అడగొద్దు. దెబ్బకు ఫోన్లు ఆగిపోయాయి. కొరియా సీరియల్ చూడకపోతే నా జన్మ వృథా అని ఆరు నెలలుగా వాదిస్తున్న హైదరాబాదు మేనల్లుడు, "అంత గొప్పగేం లేదులే మామా" అని మెసేజ్ పెట్టాడు. వారం తిరక్కుండా ఆ సీరియల్‌లో అన్ని లోపాలు ఎట్లా పుట్టాయో!

చట్టానికి లోబడి వచ్చినవాడు ఒక్క మా పెద్దయ్యే. ఆయన జీవితంలో చేసిన సిఫారసు ఒక్కటే: కాంతారావు సినిమాలు. కోదాడ పక్క గుడిబండలో పుట్టినవాడు కాబట్టి కత్తి పట్టే హక్కు మరెవరికీ లేదని ఆయన తీర్పు. 1963 ఒక్క ఏడాదిలోనే లవకుశలో లక్ష్మణుడు, నర్తనశాలలో కృష్ణుడు, విఠలాచార్య దగ్గర 'గురువును మించిన శిష్యుడు'. "ఇంకెవలికన్న చేతనైతదారా?" అంటాడు. కాంతారావు సొంతంగా సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకున్నాడని నేనంటే, "నచ్చినదానికి పెట్టిండు. నీ లెక్క టీ హోటల్ల చట్టాలు చేయలే" అన్నాడు. ఆయన పెన్‌డ్రైవ్ కొని, సినిమా ఎక్కించి, రెండు పొట్లాల మిర్చి బజ్జీలతో మా ఇంటికి వచ్చాడు. సినిమా నడిచినంత సేపూ ఆయన టీవీ చూడలేదు, నా మొహం చూశాడు. కత్తియుద్ధం వచ్చినప్పుడల్లా మోచేత్తో పొడిచాడు. నేను నవ్వాల్సిన చోట నవ్వకపోతే రిమోటు తీసుకుని వెనక్కి జరిపి మళ్లీ వేశాడు. బాగుంది, నిజంగానే బాగుంది. నడుం నొప్పి మాత్రం రెండు రోజులుంది.

ఇంతలో నాకే ఒక కోరిక పుట్టింది. మా బావ సినిమాలు తగ్గించి ఆళ్వారుస్వామి రాసిన 'ప్రజల మనిషి' చదివితే ఎంత బాగుంటుంది! నోరు జారి అనేశాను. ఆయన మారు మాట్లాడకుండా అరచెయ్యి చాపాడు. చట్టం నాదే కదా, కొనిచ్చాను.

పది రోజుల తర్వాత ఆయనే ఫోను చేశాడు.

"బావా, చదివిన. మంచిగుంది. దీని తర్వాతిది ఏది?"

నా ఆనందం పట్టలేక చెప్పేశాను. దాని తర్వాత 'గంగు' రాశాడని, అది పూర్తి కాకుండానే 1961లో పోయాడని, ఆయన మొదలుపెట్టిన కథను దాశరథి రంగాచార్య అందుకున్నాడని, 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' చదివితే గానీ తెలంగాణ బతుకు పూర్తిగా అర్థం కాదని. అవతల కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.

"గంగు ఒకటి, రంగాచార్యవి మూడు. మొత్తం నాలుగు. ఇచ్చింది ఒకటి, బాకీ నాలుగు. నీ ఖాతాల రాసుకున్న బావా. ఐతారం మిర్యాలగూడ వస్తున్నవ్ గదా, పట్టుకరా."