వృక్షవైద్యుడు కావలెను

పట్టణమున సొంత యిల్లు కట్టుకొని, దాని ముంగిట ఒక వేపయో, మామిడియో, తురాయియో పెరిగి పెద్దదైన గృహస్థునకు, నైరుతి ఋతుపవనములు కేరళ తీరమును తాకినవని పత్రికలలో వార్త వచ్చిన మరునాడు, ఏటేట ఒక దివ్యమైన చింత పుట్టును. అంతవరకు ఆ చెట్టు నీడను కారు నిలుపుకొని, దాని కాయలు ఊరగాయ పెట్టుకొని, దాని బోదెకు మేకులు దిగగొట్టి టులెట్ పలక వ్రేలాడదీసి, కేబులువారు తమ తీగలను చుట్టలుగా చుట్టి కొమ్మలకు తగిలించినను చూచియు చూడనట్లున్న ఆ మహానుభావునకు, ఆనాడు హఠాత్తుగా ఆ వృక్షము శత్రువై కనబడును. కొమ్మ విరిగి ప్రహరీపై పడునేమో. ఆకులు రాలి పొరుగువారి డాబామీది నీటిగొట్టమునకు అడ్డుపడునేమో. వేళ్లు పాకి పునాదిని పైకెత్తునేమో. వీటన్నిటిని మించి, ఈశాన్యమున ఇంత బరువు పనికిరాదని మొన్న వచ్చిన వాస్తుపండితుడు సెలవిచ్చియే పోయినాడు గదా!

చింత పుట్టిన పిమ్మట చికిత్సకుడు కావలెను. మోకాలు నొచ్చిన ఎముకల వైద్యునొద్దకును, పన్ను కదలిన దంతవైద్యునొద్దకును, పెంపుడు కుక్క ఒకపూట అన్నము ముట్టకున్న పశువైద్యునొద్దకును పరుగెత్తు మనము, తాతనాటి చెట్టునకు జబ్బు చేసినప్పుడు మాత్రము కట్టెల అడితికి కబురు పెట్టుదుము. అడితివాడు వచ్చును. చెట్టును మొదలునుండి చివరిదాక ఒక్కమారు పారజూచును. బెరడు ఎందుకు ఊడినది, మొదట కుక్కగొడుగులేల మొలచినవి, మ్రాను ఏ వైపునకు వాలుచున్నది అను విచారణ ఆ చూపులో లేదు. దానిలో ఎన్ని క్వింటాళ్ల కట్టె యున్నదను విచారణయే యున్నది. "ఎంతకు కొడతావోయ్?" అని గృహస్థుడడుగును. "కట్టె నాకొదిలేస్తే కూలీ అక్కర్లేదు బాబూ" అని అతడు వినయముగా మనవి చేసికొనును. గృహస్థుడు తన బేరపు నేర్పునకు తానే మురిసిపోవును. రోగికి చికిత్స ఉచితము. రోగి కళేబరము వైద్యునకు దక్షిణ. ఇట్టి ఒడంబడికలో రోగి బ్రదుకవలెనని కోరువాడెవ్వడు? అడితివానిని నిందింపరాదు, కట్టె యమ్ముట అతని వృత్తి, దానిని దాచుకొనక చెప్పియే చేయుచున్నాడు. వైద్యమని పేరుపెట్టి పిలిచినది మనము.

ఒకవేళ గృహస్థుడు దయార్ద్రహృదయుడై "మొత్తము వద్దు, కాస్త ఎత్తు తగ్గించు" అని ఆనతిచ్చెనా, అది మరియొక ఘట్టము. తలకొమ్మలన్నియు తెగనరికి, మూడు నాలుగు మొండి చేతులు ఆకాశమునకెత్తి మొరపెట్టుకొనుచున్న మోడునొకదానిని వాకిట నిలిపి, "ఇక భయము లేదండీ" అని చెప్పి అతడు వెళ్లిపోవును. భయము నిజముగా మొదలగునది అప్పుడే. ఆకే చెట్టునకు వంటయిల్లు. ఆ వంటయిల్లు ఒక్కనాడు కూలిపోగా, ప్రాణభీతిచే ఆ మోడు తెగిన చోటులనుండి గుంపులు గుంపులుగా కొత్తకొమ్మలను త్వరత్వరగా పంపును. ఇవి పాతకొమ్మలవలె మ్రాను లోపలినుండి పుట్టినవి కావు. పైపొరను మాత్రమే పట్టుకొని యుండును. ఆ క్రిందనే కోతముఖమునుండి కుళ్లు దిగుచుండును. రెండు మూడు వానకాలములు గడచి అవి బరువెక్కిన పిమ్మట వచ్చిన మొదటి గాలివానకు పెళపెళ విరిగి, ఏ ప్రహరీని రక్షించుటకై ఇంత శస్త్రచికిత్స జరిగెనో సరిగా ఆ ప్రహరీమీదనే పడును. అప్పుడు గృహస్థుడు "చూచితివా, నేను ముందే చెప్పలేదా" అని పొరుగువానితో సగర్వముగా అనును. విద్యుచ్ఛాఖవారు తీగలున్న వైపు కొమ్మలు మాత్రమే ఏటేట కొట్టి, చెట్టు బరువంతయు రెండవ వైపునకు తోసి, అది ఆ వైపు ఒరిగినప్పుడు "ఇది ప్రమాదకరము" అని వ్రాసికొని పోవుటయు ఈ శాస్త్రమునందలి మరియొక ప్రకరణమే.

చెట్టు కోయుటకును ఒక విద్య కలదా యని పాఠకులు నవ్వవచ్చును. అలెక్స్ షైగో అను అమెరికా అటవీశాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను రంపముతో నిలువునా చీల్చి పరీక్షించి, 1970 దశకమున ఒక సంగతి తేల్చినాడు: చెట్టునకు గాయము మానదు, ఆ గాయపడిన భాగముచుట్టు అది లోలోపల గోడలు కట్టుకొని, కుళ్లును అక్కడనే బంధించి, పైన కొత్త కలప పెంచుకొని బ్రదుకును. కనుక కొమ్మ మొదట, బోదెతో కలియు చోట కనబడు ఉబ్బును చెక్కుచెదరనీయక, దానికి కొంచెము వెలుపలగా కోయవలెను. బోదెతో సమానముగా చెక్కినను, మూరెడు మోటు విడిచినను ఆ గోడలు సరిగా లేవవు. బరువైన కొమ్మకు ముందు క్రిందనుండి ఒక గాటు, పిదప కొంత ఎడముగా పైనుండి రెండవ కోత, చివర మిగిలిన మోటునకు మూడవ కోత వేయవలెను. లేకున్న కూలుచున్న కొమ్మ బోదె బెరడును కూడ చీల్చుకొని పోవును. పరదేశపు మాటలని త్రోసిపుచ్చువారికి వరాహమిహిరుడున్నాడు. బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమే కేటాయించి, చెట్టు రోగభాగమును శస్త్రముతో శుభ్రపరచి వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపి పూయుమన్నాడు. ఆ లేపనము పనిచేయునో లేదో గాని, చెట్టునకు రోగము వచ్చునని, దానికి గొడ్డలి గాక మరియొక మందుండునని ఆయన నమ్మినాడు. మనము ఆయన పేరు చెప్పి ఉపన్యసించి, చెట్టు మొదటిదాక సిమెంటు పోయించి, బోదెకు సున్నము, కావి పట్టీలు దీర్చి, దానిని సంరక్షణ యందుము.

2018లో మహబూబ్‌నగరు పిల్లలమఱ్ఱికి చెదలు పట్టినప్పుడు, పురుగుమందును నీట పలుచన చేసి సెలైను సీసాలలో నింపి, కొమ్మ కొమ్మకు వ్రేలాడదీసి, బొట్టు బొట్టుగా మ్రానులోనికి ఎక్కించిరి. ఆ చిత్రము చూచి నవ్వనివాడు లేడు. శతాబ్దముల వయస్సుగల ఒక మఱ్ఱికి ఎవడో వైద్యుడు కావలెనని ఒక ప్రభుత్వమునకు తోచుట మనకంత వింతగా దోచినది. అదే మఱ్ఱిని రంపముతో కోసి లారీకెత్తియుండినచో వింతయేమి, వార్తయు కాకపోయెడిది.

ఇక చట్టము సంగతి. 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము, అనుమతి లేనిదే చెట్టు కొట్టరాదు. చట్టమన్న గౌరవముగల గృహస్థుడు మొదట చెట్టు వేరులో గుట్టుగా ఆసిడ్ పోసి, అది నిలువున ఎండిన పిమ్మట, "ఎండిన చెట్టువలన ప్రాణభయము" అని సవినయముగా దరఖాస్తు పెట్టుకొనును. తాజ్‌మహలు పరిసరపు రక్షితమండలమున అనుమతి లేక 454 చెట్లు కొట్టించిన వ్యవహారములో, 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టొకటికి లక్ష రూపాయల జరిమానాకు సమ్మతించి, ఆ పచ్చదనము మరల కలుగుటకు కనీసము నూరేండ్లు పట్టునని పలికినది. మన గృహస్థుడు ఆ వార్త చదివి తల యూచి, "అంత దూరమున గదా" అని ఊరడిల్లినాడు. 1950లో వనమహోత్సవము మొదలైన నాటినుండి మొక్క నాటుటకు మంత్రులు, ఛాయాచిత్రములు, పూలదండలు కొఱతలేదు; నాటినది మ్రానైన పిమ్మట దానిని చూడవచ్చు అతిథి మాత్రము రంపమువాడొక్కడే.

మనకు నేర్పరులు లేరనుట అబద్ధము. మోకు నడుమునకు తగిలించుకొని తాటిచెట్టెక్కు గీతకార్మికుడు గెల గాయపరచుటలో చూపు హస్తలాఘవము ఏ శస్త్రవైద్యునకు తీసిపోవును? ఎక్కుట తెలిసినవాడు ఊరిలో ఉన్నాడు, తెగుళ్లు తెలిసినవాడు వ్యవసాయ విశ్వవిద్యాలయములో ఉన్నాడు, చెట్టు మన వాకిట ఉన్నది. ఈ మువ్వురిని కలుపుటకు కావలసినది మన జేబులోని రుసుము. తెలిసినవానిని పిలిచి, చెట్టు చుట్టు త్రిప్పి చూపించి, "ఎంతకు కొడతావు" అనుటకు బదులు "కొట్టకుండ నిలుపుటెట్లు" అని అడిగి, కట్టెతో నిమిత్తము లేకుండ అతని మాటకే వెల యిచ్చువాడు మన వీధిలో ఎవడైన కలడా? "ఈ చెట్టు కొట్టనక్కరలేదు" అని చెప్పినవానికి డబ్బిచ్చు అలవాటు మనకు వచ్చిననాడు ఈ ఊరిలో వృక్షవైద్యుడు పుట్టును. అంతవరకు వచ్చువాడు అడితివాడే. అతని వైద్యమున బ్రదికిన చెట్టు లేదు.