సేకరించబడినవి: సటీకం, సతాత్పర్యం

అవతారిక: అరకు, పాడేరు, అనంతగిరి కొండల మీద ఏటా పరిశోధన పత్రాలు పుట్టుకొస్తూనే ఉంటాయి. వాటిలో నిత్యపారాయణంగా దొరికే రెండు వాక్యాలకు ఇక్కడ వ్యాఖ్య రాస్తున్నాను. ఇవి ఏ ఒక్కరి రచనా కావు, అచ్చు మాత్రం ఇలాగే ఉంటుంది.

మూలం, శాస్త్రకాండ: “అరకు లోయ పరిసరాలలో నరమామిడి బెరడు నమూనాలు సేకరించబడినవి.”

టీక: లోయ, పరిసరాలు, బెరడు – సుగమం. చిక్కంతా చివరి పదంలో ఉంది. వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలన్నారు మీమాంసకులు. బెరడు సేకరణకు యోగ్యమే. పదాలన్నీ పక్కపక్కనే ఉన్నాయి గనక సన్నిధికీ లోటు లేదు. ఆకాంక్షే తీరలేదు: ఎవరిచేత?

సంస్కృతంలో కర్మణి ప్రయోగం నిత్యవ్యవహారం. కర్తను చెప్పదలిస్తే అతనికి తృతీయా విభక్తి కట్టి వాక్యంలోనే ఓ మూల నిలబెడతారు. తెలుగు పండితులు ‘బడు’ను తెచ్చుకున్నప్పుడు ‘చేత’నూ వెంట తెచ్చారు. రాముని చేత రావణుడు చంపబడెను అని బడిలో వల్లించినవాళ్ళమే కదా! రావణుణ్ణి చంపినవాడి పేరు చెప్పడానికి జంకనివాళ్ళం, బెరడు ఒలిచినవాడి పేరు దగ్గర నోరు నొక్కుకుంటున్నాం. వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టాడు. శాస్త్రజ్ఞులు అందులో మొదటి సగాన్ని ప్రతి వాక్యం చివరా ఆధారం చూపే ఒక అంకె వేసి నెరవేరుస్తున్నారు. రెండో సగాన్ని కింద రాబోయే మానవీయకాండవారు ఎప్పుడో గాలికొదిలేశారు. (ఈ వ్యాఖ్యాత కూడా.)

లోపించిన ఆ కర్త ఒక కొండదొర తెగ వైద్యుడు. చెట్టు దగ్గర ఆగుతాడు. కత్తిమొనతో బెరడు గీకి, నోట్లో వేసుకుని నములుతాడు. జిగురు చాలకపోతే ఉమ్మేసి ముందుకు నడుస్తాడు. విరిగిన ఎముకకు కట్టు కట్టేది దానితోనే మరి. పనికొచ్చే చెట్టేదో తేల్చింది ఆయన నాలుక. పత్రంలో అది “స్థానిక సమాచారం ఆధారంగా” అయి కూర్చుంటుంది. చెట్టుకు లిట్సియా గ్లూటినోసా అని లాటిన్ నామకరణం జరుగుతుంది. రచయితలు ఆరుగురు. ఆయన ఏడోవాడు కాడు.

మూలం, మానవీయకాండ: “నిరంతర పునర్నిర్మాణానికి లోనవుతున్న ఆదివాసీ అస్తిత్వాన్ని ఈ అధ్యాయంలో నేను సమస్యీకరిస్తాను.”

టీక: ఇక్కడ కర్త దొరికాడు, ‘నేను’. కాస్త ఎక్కువగానే దొరికాడు. శాస్త్రపత్రం పద్ధతి, ఫలితం, చర్చ అంటూ నాలుగు పేజీల్లో గబగబా దిగిపోతుంది. ఈయన సిద్ధాంతకర్తలందరికీ నమస్కరించి మన్యం చేరేసరికి రెండో అధ్యాయం అయిపోతుంది. మన వైద్యుడు ఇందులో ఉన్నాడు, మాటలు కూడా ఉన్నాయి. పేరు మాత్రం మార్చారు, రక్షణ కోసమట. భూతగాదాలో, పోలీసు కేసులో ఆ రక్షణ కావలసిందే. ఎముకకు కట్టు కట్టడంలో ఎవరి నుంచి రక్షణ? పేరు వెయ్యమంటావా తాతా అని ఒక్కమాట అడిగారా?

విశేషం: 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు తూర్పు కనుమల్లోని ఒక శిలకు ఖోండు ఆదివాసుల పేరు మీద ఖోండలైట్ అని పేరు పెట్టాడు. రాళ్ళకు పేరు దక్కిన కొండలివి.

మరో విశేషం: గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవరల దగ్గరే సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చువేయించారు. ధ్వనులను అంత నిశితంగా పట్టుకున్నందుకు అది శాస్త్రం, మనుషుల దగ్గర కూర్చుని రాసినందుకు మానవీయం. ఆ చేత్తోనే గ్రాంథికం మీద యుద్ధం చేశారు. ఆయన తరిమిన ‘బడు’లన్నీ ఇప్పుడు పత్రాల్లో క్షేమంగా తలదాచుకుంటున్నాయి.

తాత్పర్యం: ఒకరు పేరు తీసేస్తారు, ఒకరు పేరు మార్చేస్తారు. ఈసారి ఘాట్ రోడ్డెక్కే పరిశోధక మిత్రులారా, ఆ వైద్యుణ్ణి అడగండి. సరేనంటే పేరూ ఊరూ రచయితల వరసలోనే వేయండి. అచ్చయ్యాక అందులో ఏముందో తెలుగులో రెండు పేజీలు రాసి, సంతరోజున సుంకరమెట్ట తీసుకెళ్ళి ఆయన చేతికివ్వండి.