హేటర్స్ కావలెను

మడికొండలో ర్యాపర్‌కు కావలసినవన్నీ ఉన్నాయి, శత్రువు ఒక్కడు తప్ప. ఈ మాట చదవగానే మీకు తెలిసిన కుర్రాడొకడు కళ్లముందు మెదిలే ఉంటాడు. ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్లు. బీటెక్ అయిపోయింది గానీ అందులో రెండు సబ్జెక్టులు అయిపోలేదు. ఒంటికి రెండు సైజులు పెద్దదైన టీషర్టు, మెడలో మేడారం జాతరలో కొన్న గొలుసు. పేరడిగితే ఆధార్ కార్డులోది చెప్పడు, ‘జీరో త్రీ’ అంటాడు. హనుమకొండ బండ్ల మీద టీఎస్ 03 అని ఉండేది కదా, అందులోంచి తీసుకున్నది. 2024లో టీఎస్ కాస్తా టీజీ అయినప్పుడు అక్షరాలు వదిలి అంకెలే పెట్టుకున్న తన ముందుచూపుకు తానే మురిసిపోయాడు. ఇన్‌స్టాలో పేరు కింద ‘ఇండిపెండెంట్ ఆర్టిస్ట్’ అని ఉంటుంది. పాట వింటే మొదటి చరణం హేటర్స్ మీద, రెండో చరణం హేటర్స్ మీద, మధ్యలో అమ్మకు దండం. నా పేచీ అంతా ఈ హేటర్స్‌తోనే. వాళ్లు లేరు. మెట్టుగుట్ట ఎక్కి నలుదిక్కులా చూసినా ఒక్కడు కనిపించడు.

ఇతని పాట తయారయ్యే తీరు చూస్తే సంగతి తెలిసిపోతుంది. బీరువా తలుపులు రెండూ బార్లా తీసి, పైన బొంతలు కప్పి, ఆ సందులో నిలబడి ఫోన్లో రికార్డు చేస్తాడు. ఫ్యాను ఆపాలి, కుక్కరు దించాలి, కాజీపేట జంక్షన్ వైపు నుంచి రైలు కూత రాని గడియ చూసుకోవాలి. నిజంగా పగబట్టిన మనిషి ఒక్కడున్నా ఈ దశలోనే పాట ఆగిపోవాలి. పక్కింటి పెద్దమ్మ గోడమీంచి ‘పాడుతున్నవా కొడుకా’ అని అడిగి తన సీరియల్ సౌండు తగ్గించుకుంటుంది. ‘ఇదేం లొల్లిరా’ అనే బాపే మైకుకు ఈఎంఐ కడతాడు. ఇక ఇండిపెండెంట్ అన్న మాటకు ఆ రంగంలో అర్థం లేబుల్ కంపెనీ చేతిలో లేకపోవడం. ఆ లెక్కన ఇతను స్వతంత్రుడే. ఏ కంపెనీ వచ్చి ఇతని పాటల హక్కులు అడగలేదు. కరెంటు బిల్లు మాత్రం ఇంట్లో అడుగుతున్నారు.

శత్రువుల తర్వాత ర్యాపర్‌కు అత్యవసరమైనవి కష్టాలు. వాటికీ ఇక్కడ కొరతే. స్నానాల గదిలో ఇతను ఇచ్చే ఇంటర్వ్యూలలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ‘మీ స్ట్రగుల్ గురించి చెప్పండి’ అనే వస్తుంది గనక పాటలో ఆకలితో పడుకున్న రాత్రులు తప్పనిసరి. పాట బయటికొచ్చిన సాయంత్రమే ఆ ముక్క చుట్టాలకు చేరుతుంది. కరీంనగర్ నుంచి చిన్నమ్మ ఫోన్ చేసి ‘పిల్లగానికి అన్నం పెడ్తలేవా అక్కా’ అని అడుగుతుంది. అవ్వకు కళ్లనీళ్లు. ‘ఎన్నడు పెట్టలేదురా నీకు? నిన్న గారెలు ఎవడు తిన్నడు?’ అది ఊహ, పాటలో అట్లాగే రాస్తారు అని గంటసేపు నచ్చజెప్పి, ఆ రాత్రి మామూలుకన్నా రెండు ముద్దలు ఎక్కువ తిని అతను తన నిజాయితీని రుజువు చేసుకోవలసి వస్తుంది.

మరి ఈ హేటర్స్ ఎక్కడి నుంచి వచ్చారు? బీటుతోపాటు ఉచితంగా వచ్చారని నా అనుమానం. 1973 ఆగస్టులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ చేసిన విందు నుంచి హిప్‌హాప్ పుట్టుకను లెక్కిస్తారు. పేదరికంతో, తగలబడిన ఇళ్లతో నిండిన ఆ పేటవాళ్ల కోపానికి ఊరూ పేరూ ఉన్నాయి. ముంబై గల్లీల కుర్రాళ్లు డివైన్, నేజీ అదే పద్ధతిలో తమ వీధుల గురించి పాడారు. వాళ్ల జీవితాల స్ఫూర్తితో 2019లో ‘గల్లీ బాయ్’ సినిమా వచ్చేసరికి దేశంలో ప్రతి గల్లీకి ఒక ర్యాపర్ మొలిచాడు. మనవాడు యూట్యూబ్‌లో ‘ఫలానా వాళ్ల టైప్ బీట్, ఫ్రీ’ అని వెతికి దించుకున్నాడు. దానిలో ఎవరి కోపమో ముందే కలిసి ఉంది. బీటు చేసినవాళ్ల గుర్తుగా మధ్యమధ్య ఒక ఆడగొంతు ఇంగ్లిషులో ఏదో పేరు పలుకుతుంది. ‘మధ్యల ఆ పిల్ల ఎవలురా’ అని అవ్వ అడిగిన ప్రశ్నకు ఇప్పటిదాకా సంతృప్తికరమైన జవాబు రాలేదు.

ప్రాస కూడా కొందరు శత్రువులను పుట్టించింది. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది కాబట్టి చివరి ప్రాస మనకు మరీ చవక. వచ్చిన, తెచ్చిన, మెచ్చిన, చచ్చిన అంటూ పొద్దుగూకేదాకా పోవచ్చు. పద్యం రాసిన పాతవాళ్లు ఈ సుఖాన్ని నమ్మక ప్రాసను పాదంలో రెండో అక్షరానికి బిగించారు, పైన యతి కూడా పెట్టుకున్నారు. మనవాడికి అంత ఓపిక లేదు. పోనీ క్రియలు విసుగొచ్చి ఇంగ్లిషులోకి దూకాడా, హేటర్స్‌కు లేటర్స్, ట్రేటర్స్, ఫైటర్స్ అని వరస దొరుకుతుంది. ఆ విధంగా సగంమంది పగవాళ్లు కేవలం ప్రాస కోసం జన్మించారు.

ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డం పడతాడు: అసలు ఈ తిట్టుకునే పాటే మనది కాదు కదా, అరువు కళకు అరువు శత్రువులు రాక ఎవరొస్తారు? ఈ మాట నేను ఒప్పుకోను. మన పెళ్లిళ్లలో వియ్యాలవారిని ఆడవాళ్లు పాట కట్టి ఎగతాళి చేసేవాళ్లు. ఆడపెళ్లివారి వంకాయకూరకూ మగపెళ్లివారి పీనాసితనానికీ అక్కడికక్కడే చరణాలు పడేవి. ఇంకా పైకి వెళితే తిరుపతి వేంకట కవులూ కొప్పరపు సోదర కవులూ అవధానాల కాలంలో పద్యాలతో ఒకరినొకరు ఎంత చెండాడుకున్నారో సాహిత్యం చదివినవాళ్లందరికీ తెలుసు. జంటకు జంట, సభకు సభ. వాళ్ల పక్కన ఇప్పటి ర్యాపర్ల కొట్లాట పసిపిల్లల అలక. కానీ ఒక తేడా ఉంది. వియ్యపురాలు ఎదురుగా పీట మీద కూర్చుని ఉంటుంది, కొప్పరపు కవులకు ఊరూ పేరూ చిరునామా ఉన్నాయి. మనవాడి శత్రువు బహువచనంలో మాత్రమే ఉంటాడు. పేరు అడిగితే ‘వాళ్లకు తెలుసు’ అంటాడు.

వీణ్ణి ఉద్యోగం చూసుకోమని ఎత్తిపొడిచే చుట్టాలున్నారు కదా, వాళ్లు శత్రువులు కారా అని కొందరు వాదించవచ్చు. 2020లో మడికొండలోనే సైయంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు తెరిచాక ఈ పోరు ముదిరిన మాట నిజం. ‘ఐటీ ఊర్లెకే వచ్చింది, నువ్వేమో బీర్వాల జొర్రినవ్’ అని కాక అన్న మాట మామూలు ర్యాపర్లు ఏడాది కష్టపడినా రాయలేని చరణం. కానీ దాన్ని పగ అనలేం. మనవాడి బయోడేటా నాలుగు కాపీలు జేబులో పెట్టుకుని తిరిగేది ఆ కాకే. ఇక డబ్బు రానివ్వని యంత్రాంగం సంగతి. యూట్యూబ్ ప్రకటనల్లో వాటాకు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (షార్ట్స్‌కు వేరే లెక్క) కావాలి. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదికి వెయ్యి సార్లు వినిపించని పాటకు పైసా రాదు. ‘అల్గారిథం నన్ను తొక్కేస్తున్నది’ అని ఇతను నిట్టూరుస్తాడు. తొక్కాలంటే ముందు అది ఇతన్ని చూడాలి కదా. ఉన్న మూడు వందల వ్యూస్‌లో సగం అవ్వ ఫోన్లోవే. పాఠకులను లెక్కపెట్టుకుని కుములుతుండే వ్యాసకర్తలు ఈ విషయంలో ఎక్కువ నవ్వకపోవడం మంచిది.

డబ్బు రాని కళ ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనని నాగలి పట్టాడని చెప్పుకునే బమ్మెర పోతన ఈ జిల్లాలకు తొలి ఇండిపెండెంట్ ఆర్టిస్టు. ఆయన కథను ‘పోతన చరిత్రము’గా రాసిన వానమామలై వరదాచార్యులు 1912లో పుట్టింది మడికొండలోనే. మనవాడూ పోతన బాటలోనే ఉన్నాడు, కాకపోతే నాగలి బాపు దగ్గర ఉంది. ఇతని ఆశలు కూడా అంత గొంతెమ్మవేం కావు: ముందు వరంగల్ ఎన్‌ఐటీ స్ప్రింగ్‌స్ప్రీలో ఒక్క పాట, తర్వాత హైదరాబాద్, ఆ తర్వాత రోల్ రైడా 2018లో వెళ్లినట్టు బిగ్‌బాస్ ఇల్లు. అక్కడికి వెళితే హేటర్స్ నిజంగానే దొరుకుతారు, వారం వారం ఓట్లతో సహా. గొంతు మాత్రం మంచిదని చెప్పకపోతే పాపం తగులుతుంది. శివరాత్రికి మెట్టుగుట్ట మీద రామలింగేశ్వరుని జాతరలో మైకు ఇతని చేతికిస్తే, తప్పిపోయిన పిల్లల పేర్లూ, చెప్పుల జాగ్రత్తలూ, బండ్లు ఆపవలసిన చోటూ ఒక్క ఊపిరిలో దరువు తప్పకుండా చెబుతాడు. అందులో ఒక్క అబద్ధం ఉండదు గనకనేమో, ఇతని అసలైన ర్యాప్ అదే అని నాకు అనిపిస్తుంది.

నిజానికి కొట్లాడదలిస్తే ఊళ్లో సరుకు లేకపోలేదు. కాళోజీ చిన్నతనం గడిచింది, ఓనమాలు దిద్దింది ఈ మడికొండలోనే. ఆయన తన కవిత్వానికి ‘నా గొడవ’ అని పేరు పెట్టుకున్నాడు, నిజాం కాలంలో జైలుకూ పోయాడు. ఎవరితో గొడవో ఎన్నడూ దాచలేదు. మనవాడు సెప్టెంబరు 9న బడిలో ఆయన ఫొటోకు దండ వేసిన బ్యాచే. నగరమంతటి చెత్త వచ్చి పడే డంపింగ్ యార్డు రాంపూర్, మడికొండల పక్కనే ఉంది. దాని పొగ మీద చుట్టుపక్కల జనం ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. ఆ పొగ బీరువాలోకి కూడా వస్తుంది. పాట మధ్యలో ఇతను దగ్గితే అది స్టైల్ అనుకుంటారు.

ఎందుకు రాయడు మరి? పిరికితనమని తేల్చేయడం అన్యాయం. రాశాడే అనుకుందాం. పొగ మీద ఒకటి, వాడకట్టులో మూడుసార్లు తవ్వి మూడుసార్లు పూడ్చిన మోరీ మీద ఒకటి, కాంట్రాక్టరును పేరు పెట్టి రెండు లైన్లు. మొదటిసారి పాట ఊళ్లో చేతులు మారుతుంది. ఆ కాంట్రాక్టరు ఎవరయ్యా అంటే మేనమామ. ఆయనేం మనుషులను పంపడు. ఆదివారం పొద్దున కిలో మటన్ సంచితో దిగి, ‘అల్లుడా, పాట మస్తుగున్నది, నడుమ నా ముచ్చటెందుకురా’ అంటాడు. అవ్వ వంటింట్లోంచి ఒక్క చూపు చూస్తుంది. మధ్యాహ్నానికి ఆ రెండు లైన్ల మీద కాజీపేట రైలు కూత ఎక్కుతుంది. మైకు ఈఎంఐలో మిగిలిన మూడు నెలలూ మేనమామ కట్టేస్తాడు. వచ్చే పాట ఫ్లెక్సీ చౌరస్తాలో పడుతుంది, దాని కింది మూల ‘సౌజన్యం’ అని మేనమామ ఫొటో. పాట మాత్రం యథాప్రకారం హేటర్స్ మీదే.