కాలేజీ ప్రిడిక్టర్ వారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ కాలేజీ ప్రిడిక్టర్ యాప్ గారికి, తెలంగాణ ఎప్‌సెట్ రాసిన పిల్లల తల్లిదండ్రులు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

ర్యాంకులు వచ్చిన రోజు నుంచి ఇంటికి పెద్ద దిక్కు తమరే. మేనమామ మాటైనా, లెక్చరర్ మాటైనా తమరి తర్వాతే. ర్యాంకు, కేటగిరీ కొట్టి, అమ్మాయో అబ్బాయో నొక్కితే చాలు, ఫలానా కాలేజీలో సీఎస్‌ఈకి ఎంత శాతం అవకాశముందో సెలవిస్తారు. అదీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో.

ఈ జోస్యానికి మూలం ఏమంత రహస్యం కాదు. అడ్మిషన్ల అధికారులు కౌన్సెలింగ్ సైట్లో ఉచితంగా పెట్టే లాస్ట్ ర్యాంకుల పీడీఎఫ్. నిరుడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి ఎంత ర్యాంకు దాకా సీటొచ్చిందో అందులోనే ఉంటుంది. దానికి శాతాలు తగిలించి ప్రీమియం ప్లాన్ కింద అమ్మడం తమరి చాతుర్యం.

నిరుటి లెక్క ఈ ఏటికి నప్పుతుందన్న భరోసా ఏమిటో! 2025లో తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమలైంది. 15 శాతం కోటా 1, 9, 5 శాతాల చొప్పున మూడు గ్రూపులైంది. అంతకుముందటి పీడీఎఫ్‌లో ఎస్సీలందరికీ కలిపి ఒకటే లెక్క. ఆ ఏడు మూడో గ్రూపు పిల్లవాడికి తమరు ఏ ర్యాంకు చూసి శాతం చెప్పినట్టు?

అసలు గోడు కాలేజీలను ఇష్టం వరసలో పెట్టే వెబ్ ఆప్షన్ల దగ్గర. సీట్లు కేటాయించే సాఫ్ట్‌వేర్ ర్యాంకు వరసలో ఒక్కొక్కరి జాబితా తెరిచి పైనుంచి చూసుకుంటూ వస్తుంది. సీటు దొరికిన మొదటి ఆప్షన్ దగ్గరే ఆగిపోతుంది. కింద ఇంకా ఇష్టమైన కాలేజీ ఉన్నా అటు చూడదు. కాబట్టి రాదనుకున్న కాలేజీని ఒకటో నంబరులో పెట్టినా పోయేదేమీ లేదు. రాకపోతే రెండోది చూస్తుంది, అంతే. తమరి ఎర్రరంగు చూసి బెదిరిన పిల్ల మాత్రం మనసుపడ్డ కాలేజీని పన్నెండో నంబరుకు దించి, ఆకుపచ్చదాన్ని పైకెక్కిస్తుంది. ఫ్రీజ్ నొక్కేస్తుంది. ఆ ఆకుపచ్చ కాలేజీలోనే సీటొస్తుంది. ప్రిడిక్షన్ ఫలించిందని తమరికి ఫైవ్ స్టార్ రేటింగు!

రాదనుకున్న కాలేజీని పైన పెట్టినా నష్టం లేదన్న సంగతి ఎర్రరంగు పక్కన చిన్నక్షరాలతోనైనా రాయించమని ప్రార్థన.

ఇట్లు,
తమరి విధేయులైన యూజర్లు

తా.క.: ఓటీపీ కోసమని ఇచ్చిన నంబరుకు మర్నాటి నుంచే మేనేజ్‌మెంట్ కోటా ఏజెంట్ల ఫోన్లు మొదలవుతున్నాయి. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకునే తండ్రులున్నారు. కనీసం పది దాటాక చేయమనండి.