కడ్డీ పైనా, కిందా?

ఓడిన ప్రతి పార్టీకీ మొదటి పని సమీక్ష, రెండో పని బలోపేతం. మొన్న మా పేటలోని ఒక పార్టీ ఆఫీసులో ఆ రెండో పని కళ్లారా చూశాను. పెద్దాయన తీర్మానం ప్రతిపాదించాడు, ఆయన తోడల్లుడు బలపరిచాడు. చదవడం పూర్తికాకుండానే చప్పట్లు మోగాయి. ఈ చప్పట్ల మర్మం పావురాలతో ప్రయోగాలు చేసిన స్కిన్నర్ దొరకు ఏనాడో తెలుసు: ఎప్పుడో ఒకసారి గింజ పడితే చాలు, పావురం పొడుస్తూనే ఉంటుంది.

ఆ ఆఫీసుకు రెండు నెలల కిందటే కొత్త బాల్కనీ పోశారు. అప్పుడూ పనిలేక నిలబడి చూసినవాణ్ని నేనే. కాంక్రీటు ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. లాగుడుకు దాని సత్తా నొక్కుడులో ఇంచుమించు పదో వంతే. ఆ లోటుకే ఇనుము. 1867లో దీనికి పేటెంట్ పుచ్చుకున్న ఫ్రాన్సువాడు జోసెఫ్ మోనియే ఇంజనీరు కాదు, తోటమాలి. పూలకుండీల్లో ఇనుప వల పెట్టి పోశాడు. ఎన్ని టన్నులు వేశామన్నది కాదు, లాగుడు ఎటువైపు ఉందన్నది లెక్క. గోడల మీద ఆనిన స్లాబుకు నడుమ కింది వైపు లాగుతుంది, కనుక కడ్డీ కింద. గోడలోంచి గాల్లోకి పొడుచుకొచ్చిన బాల్కనీకి పై వైపు లాగుతుంది, కనుక మెయిన్ కడ్డీ పైన. ఆ రోజు కడ్డీ కట్టినవాడు సరిగ్గా పైనే కట్టాడు, పాపం. తట్టలు మోసినవాళ్లూ, ఫొటోలకు ఎక్కిన కార్యకర్తలూ దాన్ని తొక్కి తొక్కి సెంట్రింగ్ చెక్కకు అంటించారు. కడ్డీని ఎత్తి నిలిపే కవర్ బ్లాకులేవయ్యా అంటే మేస్త్రీ కంకర రాయి చూపించాడు. బిల్లులో మాత్రం ఇనుము కిలో తగ్గలేదు.

దన్ను ఎంతన్నది కాదు, ఎటు నుంచన్నది: కోర్టులదీ ఇదే పట్టింపు. నేరంలో చెయ్యి కలిపినవాడి మాట నిలవాలంటే దన్ను బయటి నుంచి రావాలి. ఒక దొంగకు తోడుదొంగ దన్ను కాడు. కోర్టుల పట్టింపు అదైనా, దన్ను లేనంతమాత్రాన శిక్ష చట్టవిరుద్ధం కాదనేది 1872 నాటి సాక్ష్య చట్టం. 2024 జులై 1న దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 138వ సెక్షనులో, దన్ను ఉన్న సాక్ష్యం అనే రాసుకుంది. చట్టానికి 152 ఏళ్లు పట్టింది, తోడల్లుడికి ఇంకా టైముంది.

తీర్మానం ఏకగ్రీవం. పెద్దాయన చెయ్యి ఊపడానికి కొత్త బాల్కనీలోకి వచ్చాడు. ఆయన వెనకే బలపరిచినవాళ్లంతా వచ్చారు.

నేను రోడ్డు దాటి, అవతలి పక్క నుంచి చప్పట్లు కొట్టాను.