బిల్లు లాంటి బతుకు

నన్ను చదివినవాళ్లు తక్కువ, తిట్టుకున్నవాళ్లు ఎక్కువ. నా పేరు ప్యాకేజీ-లాక్ డాట్ జేసన్. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఎన్‌పీఎం ఉంది కదా, 2017లో దాని 5వ వెర్షన్‌తో పాటు పుట్టాను.

మా అన్న ప్యాకేజీ డాట్ జేసన్. ఆయన సరుకుల చీటీ, నేను కొట్లో ఇచ్చిన బిల్లు. చీటీలో 1.2.3 ముందు ఓ టోపీ గుర్తు పెడతాడు. అంటే అదైనా సరే, అంతకన్నా కొత్తదైనా సరే, 2.0.0 కి చేరకుంటే చాలని. ఎన్‌పీఎం ప్యాకేజీలుండే రిజిస్ట్రీకి వెళ్లి ఆ హద్దులో దొరికింది తెస్తుంది. తెచ్చిన ప్రతిదానికీ సొంత చీటీ ఉంటుంది, ఆ చీటీలో వాటికీ చీటీలుంటాయి. పిలిచింది పదిమందిని, విస్తళ్లు వేసేది వందలమందికి!

వచ్చినవాటిలో ఒకటి ఓ ప్యాకేజీ 1వ వెర్షన్ కావాలంటుంది, ఇంకొకటి అదే ప్యాకేజీ 2వది కావాలంటుంది. పైథాన్ వాళ్ల పిప్ అయితే ఇద్దరికీ సరిపడేది దొరక్కపోతే చేతులెత్తేస్తుంది. ఎన్‌పీఎం గడుసుది. ఒకదాన్ని పైనున్న నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరులో పెట్టి, రెండోదాన్ని అడిగిన ప్యాకేజీ లోపలే దాస్తుంది. కోడును నడిపే నోడ్ ముందు దగ్గరి ఫోల్డరు చూస్తుంది, లేకపోతే పైది, ఆ పైది, అలా మూలం దాకా ఎక్కుతుంది. మొదట కనబడిందే తీసుకుంటుంది కాబట్టి ఎవరిది వాళ్లకే దక్కుతుంది. డిస్కు గోడు ఎవరికి పట్టింది?

ఏది, ఏ వెర్షన్, ఎక్కణ్ణుంచి వచ్చింది, దాని వేలిముద్ర ఏమిటి, అన్నీ నాలో రాసి ఉంటాయి. సరుకు మాత్రం నా దగ్గర ఉండదు. 2016 మార్చిలో 11 వరుసల లెఫ్ట్‌ప్యాడ్ ప్యాకేజీని రాసినాయన దాన్ని రిజిస్ట్రీ నుంచి తీసేస్తే, బాబెల్ లాంటివాటి మీద ఆధారపడ్డ బిల్డులు ఆగిపోయాయి. అప్పటికి నేను లేను. ఉన్నా చేసేదేమీ లేదు, ఖాళీ ఇంటి చిరునామా చూపించడం తప్ప.

మాదాపూర్‌లో ఓ ఆఫీసు. గిట్‌లో కోడు బ్రాంచీలు రెండు కలిపేటప్పుడు నాలో వందల వరుసలు తగువు పడ్డాయి. కుర్రాడు విసుగెత్తి నన్ను చెరిపేసి, మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టాడు. కొత్త అంకెలతో మళ్లీ పుట్టాను. మర్నాడు ఇన్వాయిసుల మీద తేదీలు తప్పాయి. "చీటీ ముట్టుకోలేదు కదక్కా!" అంటాడు. అక్కడి సీనియరమ్మాయి గిట్‌లోంచి పాత నన్ను బయటికి తీసి కొత్త నా పక్కన పెట్టింది. మూడో తరం ప్యాకేజీ ఒకదానికి చివరి అంకె 4 పోయి 5 వచ్చింది. అంతే తేడా.

నాలో తగువొస్తే చెరిపేయకు నాయనా. ముందు అన్న సంగతి చక్కబెట్టి, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టు, అదే కలుపుకుంటుంది. సర్వరు మీద మాత్రం ఎన్‌పీఎం సీఐ వాడు. చీటీకీ నాకూ పొసగకపోతే అది అక్కడే ఆగిపోతుంది, నన్ను మాత్రం తిరగరాయదు.